ఒంగోలు ఆవుకి ఏది మేలు: ఆబోతా, సూదా, పిండమా?

"మా ఒంగోలు ఆవుకి ఏది చేయించమంటారు?" అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. మొన్న శ్రావణంలో మా ఆవు విషయంలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఊళ్లో మంచి ఆబోతు ఉంటే దానంత సుఖం లేదు, ఎద కనిపెట్టే పని కూడా అదే చేసుకుంటుంది. మా ఆవుది మూగ ఎద. అరవదు, పక్క ఆవుల మీదికి ఎక్కదు. తెల్లారి పాలు తీసేటప్పుడు తోక కింద ఎదకు గుర్తుగా సన్నటి జిగురు తీగ కంటపడితే సరే, లేదంటే మళ్లీ 21 రోజులు ఆగాలి. పొద్దున కనబడితే సాయంత్రానికి సూది పడాలి, అంటే ఆబోతు వీర్యాన్ని ఆవు గర్భంలో వేయించాలి. మొదటిసారి సూది వేసే కుర్రాడు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. ఆవు తిరగపొర్లింది, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకొచ్చింది.

అయితే మంచి ఆబోతు ఏదీ? పూర్వం ఇంట్లో పెద్దవాళ్లు పోతే మేలైన కోడెదూడను ఎంచి, దేవుడి పేర అచ్చు వేసి వదిలేవారు. జాతి అలా నిలబడింది. ఇప్పుడు అచ్చోసిన ఆంబోతు తిట్టులోనే మిగిలింది. ఉన్న ఒక్కదాన్నే ఏళ్ల తరబడి వాడితే అది తన కూతుళ్లనే దాటుతుంది.

అందుకే నా ఓటు మామూలు సూదికి. వీర్యం నింపిన సన్నటి గొట్టం, అదే నాళిక, దాని మీద ఆబోతు నంబరు ఉంటుంది. నోటుపుస్తకంలో రాసుకుని, పుట్టిన పెయ్య ఎదిగాక దానికి వేరే నంబరు అడగండి. ఒంగోలుదే కావాలని గట్టిగా చెప్పండి. మన కొట్టాల్లోకి జెర్సీ వచ్చింది కూడా ఈ సూదితోనే మరి!

పెయ్యలు పుట్టించే కణాలనే ఏరి నింపిన పెయ్యదూడల సూదితో నూటికి 90 పెయ్యలే. జెర్సీ పెంచేవాళ్లకు వరం. మనకు అలా కాదు, బండలాగుడు పందేలకు మంచి కోడెకు గిరాకీ ఉంది. పైగా అందరం పెయ్యలే కోరితే రేపటి ఆబోతు ఎవరింట్లో పుట్టాలి? మామూలు నాళికలో 2 కోట్ల వీర్యకణాలుంటే ఇందులో 20 లక్షల చిల్లరే. మూగ ఎద ఆవుకి టైం కాస్త తప్పినా డబ్బు దండగ.

పిండమార్పిడి అంటే గొప్ప ఆవు అండంతో తయారైన పిండాన్ని వేరే ఆవు గర్భంలో పెట్టడం. అది గుంటూరు దగ్గరి లాం పశుపరిశోధన ఫారం లాంటి చోట్ల చేసే పని. మీ దగ్గర నిజంగా గొప్ప ఆవు ఉంటే దాని అండాలు వాళ్లకివ్వండి. ఒకటి రెండు ఆవులున్న ఇంటికి ఆ టెన్షన్ ఎందుకు?

రెండోసారి మా ఆవుకి సాయంత్రం ఆరింటికల్లా సూది పడింది. మూడు నెలలకు డాక్టరు చెయ్యి పెట్టి చూసి చూడి కట్టిందన్నారు. కోడె పుడితే అమ్మను.