ద క్రూసిబుల్ నాటకం చూసొచ్చాం, మూడో అంకం కోసమైనా వెళ్ళండి

పోయిన శనివారం బెంగళూరులో జేపీ నగర్ వైపు ఒక చిన్న హాల్లో ఆర్థర్ మిల్లర్ నాటకం ద క్రూసిబుల్ చూశాను. ఇంగ్లీషులోనే వేశారు, టికెట్ 400, ఇంటర్వెల్‌తో కలిపి దాదాపు మూడు గంటలు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మని కూడా తీసుకెళ్ళాను. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం, అందుకని మారతహళ్ళిలో క్యాబ్ ఎక్కిన దగ్గర్నుంచీ కథ చెప్తూనే ఉన్నాను, సిల్క్ బోర్డ్ దాటేసరికి పూర్తయింది.

1692లో అమెరికాలో సేలం అనే ప్యూరిటన్ల (కఠిన నియమాల క్రైస్తవుల) ఊళ్ళో కొందరు ఆడపిల్లలు ఉన్నట్టుండి మెలికలు తిరిగిపోతూ, ఫలానావాళ్ళు మాకు చేతబడి చేశారని పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. కోర్టు ఆ మాటలే పట్టుకుని 19 మందిని ఉరి తీసింది. నేరం చేశావా లేదా అంటే జవాబే చెప్పనన్న జైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండలు పేర్చి చంపారు. నేనే చేశాను అని ఒప్పుకున్నవాళ్ళకి మాత్రం ఉరి తప్పింది, కాదు అన్నవాళ్ళే పోయారు. ఇదంతా విని అమ్మ, "మనవైపు చిల్లంగి పెట్టారంటారే, అదేగా. పాపం నీలాపనిందలు" అంది.

ఆ మాట నాటకమంతా నా చెవిలోనే ఉంది. వినాయక చవితి కథలో కృష్ణుడి మీద కూడా నిందే పడింది కానీ, ఆయన అడవికి పోయి, ప్రసేనుడి శవం చూసి, జాంబవంతుడితో పోరాడి, శమంతకమణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టగలిగాడు. సేలం వాళ్ళు ఏం తెచ్చి చూపిస్తారు? నువ్వు ఇంట్లో పడుకున్నా సరే, నీ ఆకారం గాల్లో వచ్చి నా గొంతు నొక్కింది, నాకొక్కదానికే కనపడింది అంటే దానికి ఎదురు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఆ రకం సాక్ష్యాన్ని పక్కన పెట్టాక, 1693లో విచారణకొచ్చినవాళ్ళు దాదాపు అందరూ బయటపడ్డారు.

మూడో అంకం గురించి చెప్పాలి. కథానాయకుడు ప్రాక్టర్. అతని భార్య ఎలిజబెత్ మీద నింద వేసింది, ఆ పేర్లు చెప్పే పిల్లల్లో ఒకతైన అబిగైల్. ప్రాక్టర్ తన పరువు తనే తీసుకుని, అవును, ఈ అబిగైల్‌తో నాకు సంబంధం ఉంది, అందుకే నా భార్య మీద నింద వేసింది అని కోర్టులో చెప్పేస్తాడు. నా భార్య అబద్ధమాడదు, ఆమెనే అడగండి అంటాడు. ఆమెని పిలిపిస్తారు. మొగుడూ ఆ పిల్లా ఇద్దరూ వెనక్కి తిరిగి నిలబడాలి, ఆమె జడ్జి మొహమే చూడాలి. ఎలిజబెత్ వేసినామె ఏప్రన్ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఎంతసేపు ఊరుకుందో, హాల్లో ఫ్యాన్ చప్పుడు వినపడింది. చివరికి లేదండీ అంది. పుట్టాక ఒక్క అబద్ధం ఎరగని మనిషి, మొగుడి పరువు కాపాడదామని ఆడిన ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అయ్యో, ఇప్పుడే ఆడాలా తల్లీ" అంది. ఆ ముక్కకి తర్జుమా అక్కర్లేకపోయింది.

నాకు ఆ సీన్‌లో ఇంకోటి గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో ఉంగరం పోతే వంటమనిషిని హాల్లో నిలబెట్టి, ఒప్పేసుకో, పోలీసుల దాకా పోనివ్వం అని గంటసేపు అడిగారు. ఆవిడ తియ్యలేదనే అంది, మర్నాటి నుంచి రాలేదు. నెల తర్వాత అల్మరాలో పరిచిన పేపరు కింద ఉంగరం దొరికింది. ఆ గంటా నేను అక్కడే ఉన్నాను, ఒక్క మాట మాట్లాడలేదు.

బాగోలేనివి కూడా చెప్తాను. మొదటి అంకంలో అరుపులు ఎక్కువ, మాటలు సగం అర్థం కాలేదు. టిట్యూబా అనే బానిస స్త్రీని బెదిరించి నేరం ఒప్పించే సీన్‌ని నవ్వులాటగా చేశారు, జనం నవ్వారు కూడా. అది నాకు చాలా బాధేసింది, ఆ భయం నుంచే కదా మిగతా పేర్లన్నీ పుట్టింది. ఇంకోటి, గేటు దగ్గర ఇచ్చిన కాగితంలో "జరిగిన కథ" అని రాసి ఊరుకున్నారు. అసలు అబిగైల్‌కి అప్పుడు పదకొండో పన్నెండో ఏళ్ళు, ప్రాక్టర్‌కి అరవై, ఆ సంబంధం మిల్లర్ కల్పన. వయసు పెంచానని మిల్లరే పుస్తకం మొదట్లో రాసుకున్నాడు. అబద్ధపు నిందల మీద నాటకం వేస్తూ, నిజంగా బతికిన ఒక పిల్ల మీద లేని సంబంధం నిజమన్నట్టు వదిలేస్తే ఎలా? ఒక్క లైను చాలు, వచ్చే షోకైనా చేర్చండి.

ఈ నాటకం 1953లో వచ్చింది, అప్పుడు అమెరికాలో కమ్యూనిస్టుల పేర్లు చెప్పమని మనుషుల్ని పిలిచి అడిగేవాళ్ళు. 1956లో మిల్లర్‌నీ పిలిచారు, ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. ఆ సంగతి తెలిసి చూస్తే, ప్రాక్టర్ కూడా ఇంకొకరి పేరు చెప్పనని నిలబడే చివరి అంకం ఇంకా గట్టిగా తగులుతుంది.

మైకులు పెట్టలేదు కాబట్టి ముందు నాలుగు వరసల్లోనే సీట్లు తీసుకోండి. పార్కింగ్ లేదు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే ముందే కథ చెప్పేయండి, మా అమ్మకి నాకన్నా బాగా అర్థమైంది. ఐదుకి నాలుగు.