కోట్స్ మేలా, సైట్ మేలా? మన జిల్లా సంగతులు నెట్‌లో వెతికేవాళ్లకి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఇవతల మాకో నెట్ సెంటర్ ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, కరెంటు పోతే పది నిమిషాలు లాక్కొచ్చే యూపీఎస్. వచ్చేవాళ్లు పోటీ పరీక్షల పిల్లలు, ప్రాజెక్టు రిపోర్టుల పిల్లలు, పాత జీవో కాపీ కోసం తిరిగే రిటైర్డ్ మాస్టార్లు. గూగుల్‌లో మామూలుగా కొట్టి కొట్టి విసిగిపోయాక అందరూ అడిగేది ఒకటే. "అన్నా, కోట్స్ పెట్టి వెతకమంటావా, సైట్ అని పెట్టి వెతకమంటావా? ఏది మేలు?"

విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే రాసి పెడుతున్నాను. కోట్స్ అంటే మాటలకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి, ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలే చూపించమనడం. సైట్ అంటే ఆ మాట కొట్టి, కోలన్ పెట్టి, వెబ్‌సైటు చిరునామా ఇచ్చి ఫలానా చోటే వెతకమనడం. ఇంతవరకూ మీకు తెలిసిందే. వెతుకుడికి ఇలా హద్దులు పెట్టే మాటల్ని, గుర్తుల్నే ఆపరేటర్లు అంటారు. వాటి పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, కోలన్ తర్వాత ఖాళీ వదలకూడదు. ఫోన్‌లో అయితే ఒక్కోసారి కీబోర్డే ఆ ఖాళీ వదిలేస్తుంది. "పనిచెయ్యట్లేదన్నా" అని వచ్చేవాళ్లలో సగం మంది గొడవ ఆ ఒక్క ఖాళీయే.

నా మాట ముందే చెప్పేస్తాను. మన వైపు సంగతులు తెలుగులో వెతికేవాళ్లకి సైటే మేలు. ఎందుకో మొన్నటి సంగతి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో పీజీ చేస్తున్న కుర్రాడొకడు, ఉద్దానం వైపు వాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల కొబ్బరి తోట నేలకి ఒరిగిపోయింది. ఇప్పుడు ప్రాజెక్టు కూడా దాని మీదే తీసుకున్నాడు. మూడో కంప్యూటరు దగ్గర అరగంట కూర్చుని లేచి వచ్చాడు. "ఏటన్నా ఇది, తోటలకి తోటలే పోయాయి, నెట్‌లో ఒక్క ముక్క నేదు!" వెళ్లి చూస్తే, తిత్లీ తుపాను కొబ్బరి రైతుల నష్టపరిహారం అని మొత్తం ముక్కంతా కోట్స్‌లో బిగించేశాడు. ఆ అయిదు మాటలూ అదే వరసలో ఎవరు రాస్తారు? "తిత్లీ తుపాను" వరకే కోట్స్‌లో ఉంచి మళ్లీ కొట్టించాను. ఈసారి వచ్చాయి గానీ, ఆ రోజుల్లో మేం కళ్లారా చదివిన వార్తలు చాలా కనపడలేదు.

ఎలా కనపడతాయి? ఆ పేరు ఒకరు తిత్లీ అని రాశారు, ఒకరు తిత్లి అని, ఇంకొకరు తితిలీ అని. రెండో మాట తుపాను, తుఫాను, తుపాన్, తుఫాన్. మూడు నాలుగులు పన్నెండు. దాని మీద విభక్తి కూడా ఉంది కదా. తుపానుకి, తుపానులో, తుపానుతో, ప్రతిదీ మళ్లీ కొత్త మాటే. ఇంగ్లీషులో ఇన్, టు, ఫ్రమ్ దేనికది విడిగా ఉంటాయి కాబట్టి ఊరి పేరు చెక్కుచెదరదు. మనకి ప్రత్యయం వచ్చి మాటకి అంటుకుపోతుంది, ఒక్కోసారి మాట చివరనే మార్చేస్తుంది. శ్రీకాకుళం, శ్రీకాకుళంలో, శ్రీకాకుళానికి. మనకి మూడూ ఒకే ఊరు. కోట్స్ పెట్టాక సెర్చ్ ఇంజినుకి మూడూ మూడు మాటలు.

దీనికి తోడు ఫాంట్ల తలనొప్పి. ప్రెస్సుల్లో, ఆఫీసుల్లో ఏళ్ల తరబడి తెలుగు కొట్టింది 'అను' అనే పేరున్న పాత రకం ఫాంట్లలో. ఆ పీడీఎఫ్ కంటికి ముత్యాల్లాంటి తెలుగు, లోపల మాత్రం అడ్డదిడ్డమైన గుర్తులు. అందులోంచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి, తెలుస్తుంది. సెర్చ్ ఇంజిను చదివేది ఆ గుర్తుల్నే. మనం ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగులో ఎన్ని కోట్స్ పెట్టినా అక్కడ తగలదు.

అందుకే కుర్రాడి చేత కోట్స్ తీయించేశాను. తిత్లీ, కోకోనట్ అని ఇంగ్లీషులో రెండే మాటలు కొట్టించి పక్కన సైట్, దాంతోపాటు పీడీఎఫ్‌లే చూపించమని ఫైల్‌టైప్ పెట్టమన్నాను. సర్కారీ కాగితాలు, అందులోనూ లెక్కల పట్టికలు, ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. వాడు ముందు జిల్లా వెబ్‌సైటుకే కట్టాడు, శ్రీకాకుళం డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని. పేజీలు వచ్చాయి, పీడీఎఫ్‌లు రాలేదు.

ఇక్కడో కిటుకు ఉంది. మన జిల్లాల వెబ్‌సైట్లు కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఎస్‌త్రీవాస్ అనే వేదిక మీద నడుస్తాయి. మనం నొక్కే లింకు జిల్లా పేజీలోనే ఉంటుంది గానీ, ఆ లింకు తెరిచే పీడీఎఫ్ సీడీఎన్ డాట్ ఎస్‌త్రీవాస్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వేరే చిరునామాలో ఉంటుంది. దుకాణం ఒకచోట, గోడౌన్ ఇంకోచోట అన్నమాట. జిల్లా చిరునామా ఇస్తే దుకాణం వరకే వెళ్తాం. అదే గవ్ డాట్ ఇన్ అని వెడల్పుగా ఇస్తే గోడౌను కూడా అందులోకి వస్తుంది. అలా మార్చాక వాడికి పనికొచ్చే కాగితాలు మూడో పేజీలో కనపడ్డాయి. మొదటి పేజీ చూసి లేచిపోయేవాళ్లకి ఏ ఆపరేటరూ సాయం చెయ్యదు.

అలాగని గవ్ డాట్ ఇన్ ఏ తాళానికైనా పట్టే చెవి అనుకోకండి. 2025లో మెగా డీఎస్సీ పడినప్పుడు, 16,347 పోస్టులు కదా, మా సెంటర్లో నిలబడ్డానికి చోటు లేదు. ఏం కొట్టినా పైన వచ్చేవి "డైరెక్ట్ లింక్ ఇదే" అని ఊరించే ప్రకటనల సైట్లు. వాటి బెడద తప్పించుకుందామని గవ్ డాట్ ఇన్ కట్టాం. చెత్త పోయింది, దాంతోపాటు అసలు దరఖాస్తు సైటూ పోయింది! అది ఏపీసీఎఫ్ఎస్ఎస్ డాట్ ఇన్ అనే చిరునామాలో ఉంది, అందులో గవ్ అన్న మాటే లేదు. విద్యాశాఖ పేజీలోంచి దారి పట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. కాబట్టి సైట్ వాడేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది, తమకి కావలసింది ఎవరి గడపలో ఉందన్నది. ఆ సంగతి తెలిస్తే దానంత సూటిదారి ఇంకోటి లేదు. తెలియకపోతే తప్పు ఇంటి తలుపు తడుతూ కూర్చుంటాం.

ఇంతా చెప్పి కోట్స్‌ని తీసిపారేస్తే పాపం. అది గెలిచే చోట్లు ఉన్నాయి. మొదటిది పాత ఇంగ్లీషు పేర్లు.

ఒక మాస్టారు వచ్చారు, తాతగారి కాలం నాటి శ్రీకాకుళం గురించి ఏమైనా దొరుకుతుందేమో చూడమని. ఇప్పటి స్పెల్లింగుతో ఎన్నిసార్లు కొట్టినా అరసవల్లి దర్శనం వేళలు, హోటళ్లు, బస్సు టైములు. బ్రిటిష్ వాళ్ల కాగితాల్లో మన ఊరు చికాకోల్. శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950లో. అంతకు ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 1936లో ఒరిస్సా విడిపోయేదాకా గంజాం జిల్లాలో. చికాకోల్ అన్న మాట కొడితే సెర్చ్ ఇంజిను స్పెల్లింగ్ తప్పేమో అని మనకే పాఠం చెప్పబోతుంది. కోట్స్ పెట్టి పక్కన గంజాం చేరిస్తే నోరు మూసుకుని చెప్పింది చేస్తుంది. మాస్టారి ముందు గెజిటీర్లు, పాత మ్యాపులు, చికాకోల్ మస్లిన్ బట్టల ముచ్చట్లు వరస కట్టాయి. ఆయన ఆ పూట టీకి కూడా లేవలేదు. ఇలాంటి పనికి పాత పుస్తకాలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులోని సొంత వెతుకుడు ఇంకా మేలు. అందులో పుస్తకం పేర్లలోనే కాకుండా లోపలి పాఠంలో కూడా వెతికే ఆప్షన్ ఉంది, దాన్ని ఎంచుకోవడం మరిచిపోకండి.

విజయనగరం సంగతి ఇంకో తమాషా. తెలుగులో మన పూసపాటి రాజులదీ విజయనగరమే, రాయలవారిదీ విజయనగరమే. ఇంగ్లీషులో మనది జెడ్‌తో రాస్తారు, హంపీది జేతో. అంచేత ఇంగ్లీషులో కోట్స్ పెట్టి కొడితే రెండూ చక్కగా విడిపోతాయి. పాత కాగితాల్లో మాత్రం చివర జీకీ ఆర్‌కీ మధ్య ఉండాల్సిన ఎ ఎగిరిపోతుంది. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ అయిన పూసపాటి వారి విజ్జీ గురించి చదవాలంటే ఆ ఎ లేని స్పెల్లింగే కొట్టాలి.

కోట్స్ గెలిచే రెండో చోటు అంకెలు. జీవో నంబరు, మెమో నంబరు, నోటిఫికేషన్ నంబరు. అంకెలకి విభక్తి అంటుకోదు, స్పెల్లింగూ మారదు. నంబరు తెలిసిన కాగితానికి నేనే ముందు కోట్స్ పెడతాను.

ఫలానా మాట ఉన్న పేజీలు వద్దనే మైనస్ గుర్తు గురించి కూడా అడుగుతుంటారు. తెలుగులో విజయనగరం కొట్టినప్పుడు హంపి, సామ్రాజ్యం అన్న మాటలకి ముందు మైనస్ పెడితే రాయలవారి గోల చాలావరకు తగ్గుతుంది. కానీ ఇక్కడా విభక్తి దెబ్బ ఉంది. సామ్రాజ్యం తీసెయ్యమంటే సామ్రాజ్యపు, సామ్రాజ్యంలో అన్నవి మిగిలిపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి. "ఇది హంపి విజయనగరం కాదు, పూసపాటి వారి విజయనగరం" అని మొదటి లైనులోనే వివరంగా చెప్పిన మంచి వ్యాసం ఉందనుకోండి, హంపి అన్న మాట ఉన్న పాపానికి అదే ముందు ఎగిరిపోతుంది. ఒకటో రెండో మైనస్‌లు చాలు, నాలుగు పెడితే రాళ్లు పోతాయనుకుంటాం గానీ పోయేది బియ్యమే.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఫైల్‌టైప్ ఒంటరిగా పెద్దగా పనికిరాదు, సైట్ పక్కన ఉంటేనే దానికి బలం. తేదీల హద్దు పెట్టే బిఫోర్, ఆఫ్టర్ అనేవి 2019లో వచ్చాయి, సంవత్సరం, నెల, తేదీ వరసలో గీతలు పెట్టి కొట్టాలి. తిత్లీ వార్తలకి 2018 అక్టోబరు 10 తర్వాత, డిసెంబరు 31 లోపు అని కడితే తర్వాతి ఏళ్లలో వచ్చిన తుపాన్ల వార్తలు కలవవు. పేజీ తేదీని గూగుల్ ఒక్కోసారి తప్పుగా అనుకుంటుంది, అది వేరే సంగతి. పేజీ శీర్షికలో వెతికే ఇన్‌టైటిల్, పేజీ చిరునామాలో వెతికే ఇన్‌యూఆర్ఎల్ నేను ఏడాదికి రెండుసార్లు వాడతానేమో. ఈ మాట తప్పనిసరిగా ఉండాలని చెప్పే ప్లస్ గుర్తు 2011లోనే పోయింది, గూగుల్ దాచుకున్న పేజీ కాపీ చూపించే క్యాష్ 2024లో పోయింది. ఇప్పటికీ వాటిని నేర్పే వీడియోలు తిరుగుతున్నాయి, చూసి టైము పోగొట్టుకోకండి. బింగ్, డక్‌డక్‌గోలోనూ కోట్స్, సైట్, మైనస్ పనిచేస్తాయి. తెలుగు పేజీలు మాత్రం నాకు గూగుల్‌లోనే ఎక్కువ దొరికాయి.

"ఇవన్నీ ఎందుకన్నా, ఏఐని అడిగేస్తే పోదా" అనేవాళ్లూ ఉన్నారు. బొబ్బిలి యుద్ధం ఎప్పుడు జరిగిందంటే 1757 అని టక్కున చెబుతుంది, మంచిదే. కానీ మా సెంటర్‌కి వచ్చేవాళ్లకి కావలసింది జవాబు కాదు, సంతకం, నంబరు ఉన్న కాగితం. ఒక ఏఐ నాకోసారి జీవో నంబరు తేదీతో సహా దర్జాగా చెప్పింది. ఆ నంబరు కోట్స్‌లో పెట్టి వెతికితే అది వేరే శాఖ వాళ్ల బదిలీ ఉత్తర్వు.

ఇంకో మాట. అడంగల్, వన్‌బీ లాంటి పొలం కాగితాలు ఏ ఆపరేటరుతోనూ దొరకవు. భూమి రికార్డుల సైటు మీభూమిలో సర్వే నంబరో ఖాతా నంబరో ఇస్తేనే ఆ పేజీ అప్పటికప్పుడు తయారవుతుంది, ముందుగా ఎక్కడా ఉండదు. సెర్చ్ ఇంజిను దాన్ని ఎప్పుడూ చూసి ఉండదు. పొలం కాగితం కోసం గూగుల్‌లో తంటాలు పడకుండా నేరుగా అక్కడికే వెళ్లండి. మా సెంటర్‌లో నలుగురూ ఒకే కనెక్షన్ మీద ఆపరేటర్లు తెగ వాడేసరికి గూగుల్‌కి అనుమానం వచ్చి, ట్రాఫిక్ లైట్లు ఉన్న బొమ్మలు ఎంచమని పరీక్ష పెడుతుంది. అదొక కొత్త ఉద్యోగం నాకు.

కుర్రాడి సంగతి మిగిలిపోయింది. కాగితాలు దొరికాక వాడికి సొంత ఊరి పేరు ఏ పట్టికలో ఉందో చూడాలనిపించింది. ఊరి పేరు కోట్స్‌లో కొట్టాడు, ఏమీ రాలేదు. "బస్సు బోర్డు మీద ఒకలా ఉంటాది అన్నా, ఆధార్‌లో ఒకలా, మా నాన్న పాస్‌బుక్కులో ఇంకోలా. ఏది పెట్టమంటావు?" ఇలాంటప్పుడే ఆర్ (ఇంగ్లీషు ఓ, ఆర్ అక్షరాలు, అంటే 'లేదా') అన్న ఆపరేటరు అక్కరకొస్తుంది. ఒక్కో స్పెల్లింగునీ విడిగా కోట్స్‌లో పెట్టి మధ్యలో ఆర్ అని పెద్దక్షరాల్లో కొట్టాలి, చిన్నక్షరాల్లో కొడితే మామూలు మాటనుకుంటుంది. బయట బ్రాకెట్ కట్టి, పక్కన సైట్ కోలన్ గవ్ డాట్ ఇన్. "మూడూ పెట్టీమంటావా?" అన్నాడు. మీ అమ్మ రేషన్ కార్డులో ఎలా ఉందో అది కూడా కనుక్కో, నాలుగూ పెడదాం అన్నాను. ఫోన్ తీసి ఇంటికి చేశాడు.