బీపీ చూడకుండానే బీపీ వేసిన గుండె రిస్క్ ప్యాకేజీ

విజయవాడలో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ఒక ల్యాబ్‌లో 'గుండె రిస్క్' ప్యాకేజీ రూ.1,499 పెట్టి తీసుకున్నాను. నాకు 46. మా నాన్నకు 52వ ఏట గుండెపోటు వచ్చింది. ఆ వయసు దగ్గరపడుతున్న కొద్దీ మా ఆవిడకు టెన్షన్. బుక్ చేసింది తనే.

పొద్దున్న ఆరుంబావుకల్లా అబ్బాయి వచ్చాడు. రాత్రి ఎనిమిదిన్నరకే తినేశానని చెప్పినా "మధ్యలో టీ ఏమైనా తాగారా సార్?" అని రెండుసార్లు అడిగాడు. సూది దిగినట్టే తెలియలేదు. ట్యూబుల మీద పేరు నా ఎదుటే రాసి, నాచేత చదివించాడు. అక్కడివరకూ వంక పెట్టడానికి లేదు.

సాయంత్రానికి 22 పేజీల పీడీఎఫ్ వచ్చింది. సగం యాపిల్, బొప్పాయి బొమ్మలే. పరగడుపు షుగర్ 108, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0, రక్తంలో కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్స్ 212, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34. చివర్లో ఆకుపచ్చ డయల్ మీద, పదేళ్లలో గుండెజబ్బు రిస్క్ 'తక్కువ' అని. మా ఆవిడ అప్పటికే దేవుడికి దండం పెట్టేసింది. నేను కింద చిన్న అక్షరాలు చదివాను. 'బీపీ 120/80' అని ఉంది. ఆ అబ్బాయి దగ్గర అసలు బీపీ మిషనే లేదు! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "ఖాళీగా ఉంటే సిస్టమే వేసేస్తుంది సార్" అంది ఒకమ్మాయి, అదేదో సౌకర్యమన్నట్టు.

మా వీధి డాక్టరుగారు ఆ డయల్ వంక చూడనైనా లేదు. బీపీ రెండుసార్లు చూశారు, 138/88. తర్వాత టేపు తీసి నడుం కొలిచారు. పొట్ట లోపలికి లాగబోతే "వదిలేయండి, ఫొటో తీయట్లేదు" అన్నారు. 98 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు 90 దాటకూడదట. నడుం, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, ఈ అయిదింట్లో మూడు తేడాగా ఉంటేనే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే గుండెజబ్బు, షుగర్ ముప్పు పెంచే తేడాలన్నీ ఒకేచోట చేరడం. నాకు అయిదూ తేడానే.

ఆ డయల్ వెనక ఉన్నది ఫ్రామింగ్‌హామ్ లెక్క. 1948లో అమెరికాలోని ఆ ఊరివాళ్ల మీద మొదలుపెట్టిన అధ్యయనం నుంచి వచ్చింది. షుగర్ జబ్బు ఉందా, లేదా అన్నంతవరకే అది అడుగుతుంది. హెచ్‌బీఏ1సీ 6.5 నుంచి షుగర్ అంటారు కాబట్టి నా 6.0 'లేదు'లో పడిపోయింది. ట్రైగ్లిజరైడ్స్, నడుం, మా నాన్న ఆ లెక్కలోనే లేరు.

మూడు నెలలాగి హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించమన్నారు డాక్టరుగారు. రక్తం తీయడానికి వీళ్లనే పిలుస్తాను, కానీ ఆ ఒక్క పరీక్షకే. ప్యాకేజీకి రెండు స్టార్లు. ఆ రెండూ పొద్దున్నొచ్చిన అబ్బాయివి.