సైబర్‌పంక్ 2077: ఇన్నేళ్లకి కొన్నాను, సగం ధరకి

2020 డిసెంబర్ 10న విడుదలైన ఈ వీడియో గేమ్‌ని ఇన్నేళ్లు ఆగి సేల్‌లో కొన్నానంటే అది పిసినారితనం కాదు. అంతకుముందు ఇంకో ఆట, పేరెందుకు లెండి, నాలుగు వేలు పోసి ముందే బుక్ చేసుకున్నాను. దసరాకి మా బావమరిది వస్తే గొప్పగా ఆన్ చేసి చూపించబోయాను. రెండో లెవెల్లో ఒక తలుపుంది. అది తీయగానే ఆట కాస్తా మూసుకుపోతుంది. ఆరుసార్లు తీశాను, ఆరుసార్లూ అంతే. "ఏంటి బావా, డబ్బులిచ్చి మరీ టెస్టింగ్ చేస్తున్నావా?" అన్నాడు. ఆఫీసులో నా ఉద్యోగం అదే కాబట్టి కాస్త గట్టిగానే తగిలింది.

సైబర్‌పంక్ మాత్రం ఇప్పుడు నా పీసీలో హాయిగా నడుస్తోంది. వాన పడిన రాత్రి ఆటలోని జపాన్‌టౌన్ వీధుల్లో బైక్ మీద తిరుగుతుంటే మిషన్ సంగతే గుర్తుండదు. సొంత బుద్ధి పుట్టి పారిపోయిన డెలమెయిన్ టాక్సీల కథ నాకు బాగా నచ్చింది. వాటిలో ఒకదానికి ప్లాస్టిక్ ఫ్లెమింగో బొమ్మలంటే ఒళ్లు మంట, వాటిని గుద్ది పడగొట్టమని మనల్నే పురమాయిస్తుంది. పోలీసులు కూడా మారారు. మొదట్లో నేరం చేస్తే గాల్లోంచి ఊడిపడ్డట్టు వెనకాలే ప్రత్యక్షమయ్యేవారట. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ నుంచి కార్లేసుకుని తరుముతున్నారు.

ఆట బాగుందని పాత లెక్కలు మర్చిపోలేను. 2020లో మూడుసార్లు వాయిదా వేసి వదిలిన ఆటలో, పీసీలో మనం ఆడినంతవరకు దాచిపెట్టే సేవ్ ఫైల్ 8 ఎంబీ దాటితే పాడైపోయేది. అంటే ఎంత ఎక్కువ ఆడితే అంత ప్రమాదం. దాన్ని తర్వాత సరిచేశారు. పాత కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెల) మీదైతే మరీ ఘోరం, వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ కన్సోళ్లు చేసే సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

బగ్గులు రావడం నాకు వింత కాదు, రోజూ వాటితోనే కాపురం. కోపమల్లా రివ్యూయర్లకి ముందుగా పీసీ కాపీలే ఇచ్చి, కన్సోల్ కాపీలు ఇవ్వకపోవడం మీద. విడుదలైన నెల తర్వాత, ఈ ఆట తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ కంపెనీ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెబుతూ, ఆటగాళ్లు చూసిన సమస్యల్లో చాలావరకు తమ టెస్టింగ్‌లో కనబడలేదన్నాడు. ఆ మాట నేను మా రిలీజ్ మీటింగ్‌లో అని చూడాలి!

ఆ తర్వాత మూడేళ్లు వదలకుండా బాగుచేశారు, అది ఒప్పుకోవాలి. కానీ 2.0 అప్‌డేట్ గానీ, దాని వెంటే వచ్చిన ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ గానీ సోనీ పాత కన్సోల్ పీఎస్4కి (ప్లేస్టేషన్ 4) రాలేదు. అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆ కన్సోల్ వాళ్లే.

పీసీ ఉంటే సేల్‌లో కళ్లు మూసుకుని కొనండి. ఈ కంపెనీ తర్వాతి ఆటకి మాత్రం నేను ముందే డబ్బు కట్టను, కనీసం నెల ఆగుతాను.

మొన్న బావమరిది ఫోన్ చేసి "బావా, తీసుకోమంటావా?" అనడిగాడు.

"నీది ఇంకా పీఎస్4 కదరా, వద్దు" అన్నాను.