మందు అక్కర్లేదని చెప్పే డాక్టరు: అమలాపురంలో మేం వెళ్ళే పిల్లల క్లినిక్

మా పెద్దాడు ఇప్పుడు రెండో తరగతి. వాడు పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచీ, తర్వాత పుట్టిన పాపకి కూడా, మేం వెళ్తున్నది అమలాపురంలోని ఒకే పిల్లల క్లినిక్‌కి. మాది ముక్తేశ్వరం అవతల లంక గ్రామం. దారి పొడవునా చిన్నపిల్లల డాక్టర్ల బోర్డులు చాలానే కనిపిస్తాయి. వాటన్నిటినీ దాటుకుని ఇక్కడికే ఎందుకు వెళ్తామో, ఇక్కడ పడే ఇబ్బందులేమిటో రెండూ రాస్తున్నాను. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళకి పనికొస్తుంది.

ముందుగా చెప్పాల్సింది, ఈ డాక్టరు గారు మందులు తక్కువ రాస్తారు. జలుబని తీసుకెళ్తే చాలాసార్లు ముక్కులో వేసే సెలైన్ చుక్కలు, జ్వరం ఉంటే పారాసెటమాల్, అంతే. మొదట్లో మావారు "ఇంత దూరం వచ్చింది ఈ చుక్కల కోసమా" అని విసుక్కునేవారు. మా వైపు సూది వేస్తే గానీ వైద్యం చేసినట్టు కాదు. కానీ ఆయన మందు రాయనప్పుడు ఇంకా ఎక్కువసేపు మాట్లాడతారు. పాపకి ఆరో నెలలో దగ్గు వచ్చినప్పుడు గౌను పైకెత్తి, పొట్ట ఎలా లేస్తోందో చూపించి, నా చేతే నిమిషం పాటు లెక్కపెట్టించారు. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి నిమిషానికి 50, ఆపైన ఐదేళ్ళ లోపు వాళ్ళకి 40 ఊపిర్లు, అంతకు చేరినా దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా తెల్లారే దాకా ఆగొద్దన్నారు. ఆ తర్వాత ఎన్ని రాత్రులు నేను పాప పక్కన కూర్చుని అలా లెక్కపెట్టుకున్నానో. లెక్క తక్కువ ఉంటే ధైర్యంగా పడుకునేదాన్ని.

దగ్గు సిరప్ అడిగితే ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ సిరప్ తాగి పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల నిండా టెన్షనే. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసిందని తేలింది. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని అప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది. మా ఇంట్లో మాత్రం పారబోయడానికి ఒక్క సీసా కూడా లేదు.

ఇక్కడి సిస్టర్ గురించి కూడా రాయాలి. లోపలికి పంపే ముందు ప్రతిసారీ బరువు చూసి చీటీ పైన రాస్తారు. పారాసెటమాల్ డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. పైగా షాపులో దొరికే సీసాలన్నీ ఒకటి కావు. ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములు ఉంటే ఇంకోదాంట్లో 250, చుక్కల మందులోనైతే ఒక్క ఎంఎల్‌కే 100. ఎంతమంది తల్లులు ఇక్కడ పొరబడుతుంటారో! ఆవిడ మనం కొన్న సీసానే తీసుకురమ్మని, దాని లేబుల్ చూసి, సూది లేని సిరంజి మీద పెన్నుతో గీత పెట్టి ఇస్తారు. "ఈ గీత దాటకూడదమ్మా, మళ్ళీ ఆరు గంటల తర్వాతే" అంటారు. చదువు రాని మా అత్తగారు కూడా ఆ గీత చూసి మందు పట్టేస్తారు.

టీకాల విషయంలో నాకు నమ్మకం కుదిరింది ఒక్క మాటతో. "పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యుమోకోకల్ అన్నీ మీ పీహెచ్‌సీలో ఉచితంగా వేస్తారు, అక్కడే వేయించుకోండి, మంచి టీకాలే" అని ఆయనే చెప్పారు. తన దగ్గర డబ్బులకి వేసే టీకాని వదులుకుని అలా చెప్పేవాళ్ళు ఎందరుంటారు? ప్రభుత్వ పట్టికలో తట్టు, రుబెల్లాకి టీకా ఉంది గానీ గవదబిళ్ళలకి లేదు. ఆటలమ్మ, ఫ్లూ టీకాలు కూడా అందులో లేవు. అలాంటివాటిలో ఏది ముఖ్యం, ఏది మన వీలుని బట్టి అని విడమరిచి చెప్పారు. మేం కొన్ని వేయించాం, కొన్ని మానేశాం. మానేసినందుకు ఆయన మొహం మాడ్చుకోలేదు.

ఇక డెంగీ. ఒక వానాకాలం మా వాడికి బాగా జ్వరం వచ్చి, మూడో రోజు రక్త పరీక్షలో డెంగీని పట్టే ఎన్‌ఎస్1 పాజిటివ్ అని తేలింది. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడిగారు. ఒకరు బొప్పాయి ఆకు రసం కూడా పట్టుకొచ్చారు. డాక్టరు గారు రసం వద్దన్నారు, వాంతులైతే ఏ కారణం వల్లో తెలియక ఇబ్బంది పడతామని. నొప్పికీ జ్వరానికీ పారాసెటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్ప్రిన్ లాంటివి దగ్గరికి రానివ్వొద్దన్నారు. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకోకూడదట. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడటం అసలు ప్రమాదమట, అందుకే రిపోర్టులో రక్తం చిక్కదనాన్ని చెప్పే హెమటోక్రిట్ అంకె కూడా చూసేవారు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఇది: "జ్వరం తగ్గిన రోజు నుంచే కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలమ్మా. కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తుగా పడుకోవడం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఉచ్చ తగ్గడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆగొద్దు."

ఐదో రోజు పొద్దున్నకి ఒళ్ళు చల్లబడింది. గండం గడిచిందని మా అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టారు. మధ్యాహ్నానికి వరసగా వాంతులు, పొట్ట పట్టుకుని ఏడుపు. పాదాలు ముట్టుకుంటే నీళ్ళలో నానినట్టు చల్లగా ఉన్నాయి. ఫోన్ చేస్తే "నా దగ్గరికి రావద్దు, టైం పోతుంది, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి, నేను అక్కడికి ఫోన్ చేసి చెప్తాను" అన్నారు. మేం వెళ్ళేసరికి అక్కడి డ్యూటీ డాక్టరుకి మా వాడి పేరు, బరువు, రిపోర్టులో అంకెలు అన్నీ తెలుసు. వెంటనే సెలైన్ పెట్టారు, రాత్రంతా కొద్ది గంటలకోసారి రక్తం చూశారు. ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని కూడా పడలేదు, బాబు దక్కాడు. జ్వరం పోయిందని ఆ పూట నిశ్చింతగా పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం.

వరదలప్పుడు కూడా ఈ ఫోనే మాకు ఆధారం. 2022 జులై వరదకి ఎదురుబిడియం కాజ్‌వే మునిగి, మా లంకల వాళ్ళకి పడవే గతి. అప్పుడు పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే సిస్టర్ ఫోన్‌లోనే ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో చెప్పారు. ప్యాకెట్ చింపి గ్లాసులో కొంచెం కొంచెం వేయకూడదు, మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనాలు ఆగినా జింకు 14 రోజులూ వేయాలి. షాపుల్లో ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మే తియ్యటి డబ్బా పానీయాలు వద్దని అప్పుడే హెచ్చరించారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు వాటి మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించినప్పుడు మా సిస్టరే గుర్తొచ్చారు.

ఓపీ ఫీజు ఇప్పుడు 300, వారంలోపు మళ్ళీ వెళ్తే తీసుకోరు. పక్కనున్న మందుల షాపులోనే కొనాలని బలవంతమూ లేదు.

ఇబ్బందులు లేకపోలేదు. పొద్దున్నే ఫోన్‌లో టోకెన్ దొరకడం చాలా కష్టం, ఎప్పుడూ ఎంగేజే. సంక్రాంతి వెళ్ళిన వారం, తీర్థాల్లో (మా వైపు జాతరల్లో) తిన్న పిల్లలందరూ అక్కడే ఉంటారు, మధ్యాహ్నం రెండైనా మన వంతు రాదు. రాత్రి ఎనిమిది దాటితే క్లినిక్ ఉండదు, అడ్మిషన్ లేదు కాబట్టి రాత్రివేళ ఎక్కడికి వెళ్ళాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. డాక్టరు గారు సెలవు పెట్టినప్పుడు ఆ ఉదయం బోర్డు పెడతారు తప్ప ముందు చెప్పరు. లంకలోంచి పసిబిడ్డతో వచ్చి బోర్డు చూసి వెనక్కి వెళ్ళడం చాలా బాధగా ఉంటుంది. టోకెన్ తీసుకున్నవాళ్ళకి ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది కదా.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ హాలు. టీకాకి వచ్చిన నెలన్నర బిడ్డ, ఆటలమ్మ పొక్కులతో వచ్చిన పిల్లాడు ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటున్నారు. బిడ్డకి పాలివ్వడానికి ఒక చాటు కూడా లేదు. వెనకాల పాత ఫైళ్ళు పెట్టిన గది ఒకటి ఖాళీగానే ఉంది. దాన్ని టీకా పిల్లలకీ పాలిచ్చే తల్లులకీ ఇవ్వమని నేను సిస్టర్‌తో చెప్పాను. ఇంకో పదిమంది తల్లులు అడిగితే డాక్టరు గారు కాదనరు, వెళ్ళినవాళ్ళు దయచేసి అడగండి.