శ్రావణ ముహూర్తం, రెండో ప్రమాద హెచ్చరిక

రాజోలు దీవిలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఒక రిసార్టు వారి దగ్గర నా మేనకోడలి పెళ్లికి మా బావగారు ఇచ్చిన అడ్వాన్సు 1,50,000 రూపాయలు ఇంకా ఉండిపోయింది. వ్యవహారం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నది కనుక వారి పేరు రాయను. అయితే కోనసీమలో నది పక్కన చిన్నగా పెళ్లి చేసుకుందామని ఫొటోలు చూసి ముచ్చటపడుతున్న వారికి మా పొరపాట్లు, మాకు జరిగిన అన్యాయం తెలియడం మంచిదని ఇది రాస్తున్నాను. ఇంత జరిగినా మా ఇంట్లో ఇంతవరకు జరిగిన పెళ్లిళ్లన్నింటిలోనూ ఇదే బాగా జరిగిందన్న మాట కూడా దాచకూడదు.

నా మేనకోడలు, ఆమెను చేసుకున్న అబ్బాయి ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగస్తులు. ఫంక్షను హాలులో వెయ్యిమంది వరుసలో నిలబడి అక్షింతలు వేసే పెళ్లి తమకు వద్దని, డెబ్బై మందితో గోదావరి ఒడ్డున చేయమని ఇద్దరూ పట్టుబట్టారు. మలికిపురం దాటి నాలుగు మైళ్లు వెళితే మా తాతగారి ఊరు. అక్కడ మా వాటా ఇల్లు, దొడ్డి నాన్నగారి కాలంలోనే అమ్మేశాము గానీ మా పెదనాన్నగారి అబ్బాయి ఇప్పటికీ అక్కడే కొబ్బరి, వరి చేసుకుంటున్నాడు. ఆ అన్నయ్యను ఒక్క మాట అడగకుండా ఇంటర్నెట్టులో చోటు వెతుక్కోవడం, ఆ తర్వాత శుభలేఖను ఆయనకు వాట్సాప్‌లో పంపి ఊరుకోవడం మేము చేసిన మొదటి తప్పు. శుభలేఖకు ఆయన జవాబు ఇవ్వలేదు. పనిలో ఉండి ఉంటాడనుకున్నాము.

జూన్ నెలలో నేనూ బావగారూ వెళ్లి రిసార్టు చూసి వచ్చాము. పద్నాలుగు గదులు రెండు రాత్రులకు, గది ఒక్కింటికి రోజుకు 4,500 చొప్పున 1,26,000. పచ్చిక మైదానం, మండపం అలంకరణ 90,000. భోజనాలు మనిషికి రోజుకు 1,400 చొప్పున డెబ్బై మందికి రెండు రోజులకు 1,96,000. వెరసి 4,12,000 రూపాయలన్నారు. అడ్వాన్సు ఆ రోజే ఇచ్చేశాము. మైదానం నీటికి నాలుగు మెట్లు మాత్రమే పైన ఉంది, ఆ నాలుగు మెట్లే మాకు అందంగా కనిపించాయి. పంపు గది గోడ మీద నా ఛాతీ ఎత్తున అడ్డంగా ఒక మట్టి చార ఉంటే, సున్నం వేయించి చాలా ఏళ్లయిందని అనుకున్నానే తప్ప అదేమిటని అడగలేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాడిని ఆ చారను గుర్తుపట్టలేకపోయినందుకు ఇంకెవరినీ అనను.

ముహూర్తం వరలక్ష్మీ వ్రతం మరునాడు, శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం అనగా 3:08 గంటలకు కుదిరింది. ఆషాఢమంతా ఆగి శ్రావణంలో పెళ్లిళ్లు మొదలుపెట్టడం మనకు ఆచారం, గోదావరికి పెద్ద వరదలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. పైగా వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందు శుక్రవారం వస్తుంది. పౌర్ణమి నాళ్లలో సముద్రం పోటు మీద ఉంటుంది కనుక వరద నీటిని తొందరగా లోపలికి తీసుకోదు. తిథి, వారం, నక్షత్రం వెతికి వెతికి పెట్టుకున్న మేము అదే పంచాంగంలో కళ్లెదుట ఉన్న పౌర్ణమిని ఆ దృష్టితో చూడలేదు.

బుధవారం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక, గురువారం మధ్యాహ్నానికి 13.75 అడుగులకు చేరి రెండోది వచ్చాయి. రెండో హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి దిగువకు పోయే నీరు 13 లక్షల క్యూసెక్కులు. అది గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి లంకలను ముంచుకుంటూ వస్తుంది. ఆ సాయంత్రం రిసార్టు మేనేజరు ఫోను చేసి, మైదానం మునిగిందని, అధికారుల ఆదేశం మేరకు గదులు కూడా మూసేశామని, ప్రకృతి వైపరీత్యం కనుక అడ్వాన్సు తిరిగి రాదని, కావాలంటే ఆరు నెలల లోపల ఎప్పుడైనా ఆ మొత్తాన్ని వాడుకోవచ్చని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆరు నెలల్లో రెండో పెళ్లి ఎవరికి చేయమంటారని మా అక్క అడిగితే, అది మీ ఇష్టం మేడం అన్నాడట.

అప్పటికే నాకూ బావగారికీ ఆ రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు ఉన్నాయి. శుక్రవారం ఉదయం పాలకొల్లులో దిగి, 900 రూపాయలకు కారు మాట్లాడుకుని చించినాడ వంతెన ఎక్కాము. వంతెన మధ్యకు వచ్చాక బావగారు కారు ఆపించి దిగారు. కింద ఎర్రటి నీరు తాటిదుంగలను, గడ్డివాము ముక్కలను తోసుకుంటూ పోతోంది. లంకలో కొబ్బరిచెట్లు నడుము లోతు నీటిలో ఉన్నాయి. ఆయన అయిదు నిమిషాలు చూసి, మాట్లాడకుండా వచ్చి కూర్చున్నారు. పెళ్లి అయ్యేవరకు ఆయన నోట పది మాటలు వచ్చి ఉంటే గొప్ప.

రిసార్టు దగ్గర మాకు కనిపించినది మరొకటి. మైదానం మునిగిన మాట నిజమే, మెట్లే కాదు, పంపు గది గోడ మీద మట్టి చార కూడా నీటి కింద ఉంది. కానీ మూసేశామన్న మేడ మీది గదుల ముందు ఆరు కార్లు ఆగి ఉన్నాయి, వరండాలో పిల్లలు ఉల్లిపాయ పకోడీలు తింటున్నారు. వరద చూడడానికి వచ్చిన వారికి గది 8,000 చొప్పున ఇచ్చారని వంటగదిలో కుర్రవాడు అమాయకంగా చెప్పాడు. మేనేజరును పిలిచి అడిగితే, వారు పర్యాటకులని, మాది కార్యక్రమమని, రెంటికీ నిబంధనలు వేరని వాదించాడు. అధికారుల ఆదేశం కాగితం చూపించమంటే, నోటి మాటగా చెప్పారన్నాడు. గంటన్నర వాదించాక చేతికి వచ్చినవి రెండు గ్లాసుల కొబ్బరినీళ్లు. వాటికి కూడా 120 రూపాయలు బిల్లు వేశారు. ఆ బిల్లు, కార్ల ఫొటోలు, వారు రాసిచ్చిన ఒప్పందం జాగ్రత్త చేసుకున్నాను. తర్వాత అవే అక్కరకు వచ్చాయి.

ఇక అన్నయ్య గుమ్మం తొక్కక తప్పలేదు. మండువా లోగిలిలో వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న ఆయన మమ్మల్ని చూసి లేచి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఇప్పించి, కాఫీలు తాగేవరకు పెళ్లి ఊసే ఎత్తలేదు. తర్వాత, "ఒరే తమ్ముడూ, ఏటిగట్టు లోపల ఇల్లుండగా గట్టు బయట పెళ్లి పెట్టుకున్నారేంట్రా?" అని ఒక్కటే అడిగారు. మా వదినగారు మాత్రం అంతటితో వదలలేదు. శుభలేఖ ఫోనులో వచ్చిందనీ, పసుపు రాద్దామంటే అంటలేదనీ ఆ రెండు రోజుల్లో కనీసం ఆరుసార్లు అన్నారు, ప్రతిసారీ నవ్వుతూనే.

పది గంటలకు మొదలుపెట్టి చీకటి పడేసరికి ఆయన చేసిన ఏర్పాట్లు నేను హైదరాబాదులో రెండు నెలలు ఫోన్లు చేసి కూడా చేయలేకపోయినవి. దింపు పని వాళ్లు నలుగురు వచ్చి పచ్చి కొబ్బరాకులు దించి, దొడ్లో పందిరికి రాటలు పాతారు. సన్నాయి మేళం పక్క ఊరి నుంచే కుదిరింది. పూలు మాత్రం ఏడిపించాయి: వరలక్ష్మీ వ్రతం రోజు కావడంతో కడియపులంక మార్కెట్లో చామంతి ధర ఆకాశంలో ఉంది, 13,400 రూపాయలు పెట్టినా రిసార్టు ఫొటోల్లో చూపిన దానిలో పాతికవంతు కూడా రాలేదు. లోటును మామిడాకులు, కొబ్బరిపూత, అరటిగెలలు పూడ్చాయి. సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఆపేశారు కనుక, నరసాపురంలో ఉండే పురోహితుడు గారు ఎదురుగా కనిపించే ఒడ్డుకు పాలకొల్లు మీదుగా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది.

బస విషయంలో రాజోలులో ఒక లాడ్జి గురించి హెచ్చరించి ముందుకు వెళతాను. ఫోనులో గది 1,200 అన్నవారు, మేము సామాను దించాక ముహూర్తాల రోజులని 1,600 చేశారు. ఆరు గదులకు రెండు రాత్రులకు 19,200 కట్టాము. దుప్పట్లు తడిగా ఉన్నాయి, బకెట్టుకు చెవి లేదు.

అసలు భయమంతా మగపెళ్లివారి విడిది గురించే. వారు కర్నూలు వారు, పెళ్లికొడుకు తల్లిగారికి మోకాళ్ల నొప్పులు. పాత ఇంట్లో దొడ్డి చివర ఉన్న మరుగుదొడ్డి ఆవిడకు పనికిరాదు. అన్నయ్య ఎదురింటి మేడ చూపించారు. కోనసీమలో ఏ ఊళ్లోనైనా తాళం వేసిన కొత్త మేడ కనిపిస్తే యజమాని గల్ఫులో ఉన్నాడని అనుకోవచ్చు. వీరు కువైట్‌లో ఉన్నారు. వీడియో కాల్లో అడిగితే, తాళం తులసికోట వెనక ఉందని చెప్పి, ఏసీ ఎలా వేయాలో కూడా అక్కడి నుంచే చూపించారు. శుభ్రం చేయించడానికి అయిన 1,500 తప్ప పైసా అడగలేదు. శనివారం మధ్యాహ్నం బస్సు దిగి వరదను చూసి ముఖం ముడుచుకున్న ఆవిడ, ఆ మేడలో స్నానం చేసి వచ్చాక మొదటిసారి మా అక్కను "వదినగారూ" అని పిలిచారు.

రాత్రి భోజనం గురించి మాత్రం తీరికగా చెప్పాలి. వంటాయన, ఆయన వెంట వచ్చిన ఏడుగురు కలిసి వంటకూ వడ్డనకూ 26,000 తీసుకున్నారు. సరుకులకు 41,360 అయింది. కంద బచ్చలి కూర, ఆవ పెట్టిన అరటికాయ కూర, పులిహోర, ముక్కల పులుసు, పెరుగు పచ్చడి, గుంట చేసి నెయ్యి పోసిన పూర్ణం బూరెలు, కొబ్బరి పచ్చడి అరిటాకుల్లో వడ్డించారు. అందులో ఒక్కటి కూడా రిసార్టు వారు రాసిచ్చిన ఇరవై రెండు రకాల జాబితాలో లేదు. ఆవ ఘాటు తెలియని కర్నూలు కుర్రవాడొకడు కూర పెద్ద ముద్ద పెట్టుకుని కళ్ల నీళ్లు తిరిగితే, వడ్డించే మనిషి "ఆయ్, తగ్గిపోద్దండి" అంటూ దానిమీద ఇంకో గరిటె వేశాడు. మొదట నొచ్చుకున్నవారే రెండో బంతిలో కూడా కూర్చున్నారు. వేళాపాళా లేకుండా వచ్చిన వారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు ఈ సీమలోని లంకల గన్నవరం ఇల్లాలే. గన్నవరం అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టడంలో ఎంత అర్థముందో ఆ రాత్రి తెలిసింది. ఇసుక బస్తాలతో గట్టు కాపలా కాస్తున్న పాతికమందికి కూడా అర్ధరాత్రి విస్తళ్లు పడ్డాయి, వారిని పిలవాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు, వంటాయనే లెక్కలో వేసుకుని వండాడు.

గట్టు మీద నిలబడితే ఒక పక్క వెన్నెలలో నది, రెండో పక్క ఆ నీటికంటే పల్లంలో మా పందిరి కనిపించేవి. ఆ దృశ్యం చూశాక నేను మళ్లీ గట్టెక్కలేదు. రెండు గంటల వేళ కరెంటు పోయింది, జనరేటరు తిరిగేలోపు గౌరీపూజ దీపాల వెలుగులోనే సాగింది. నేను మేనమామను కనుక పెళ్లికూతురిని బుట్టలో తేవలసిన బాధ్యత నాది. దొడ్డి బురదగా ఉండడంతో అన్నయ్య కొడుకులు బల్లలు పరిచి, నాకు ముందొకరు వెనకొకరు నడిచారు. సరిగ్గా 3:08కి జీలకర్ర బెల్లం పెట్టించారు. బావగారు అప్పుడు ఏడ్చారు.

సోమవారం మేము బయలుదేరే ముందు అన్నయ్య క్యాలెండరు కాగితం వెనక రాసిన లెక్క ఇచ్చారు. పందిరి 22,500, మేళం 15,000, జనరేటరు డీజిలుతో 6,500, ఆటోలు, రవాణా 7,850, పాలు పెరుగు 4,640, హారతి కర్పూరం 60. తన తోటలోని కాయలు కూడా 150కి, కాయ 15 చొప్పున 2,250 వేసుకున్నారు. పైన చెప్పిన వంట, సరుకులు, పూలు, మేడ శుభ్రం చేయించిన ఖర్చు కూడా కలుపుకుని మొత్తం 1,41,060 రూపాయలు. ఎక్కడా సేవా రుసుము లేదు, ఎక్కడా మొహమాటం లేదు. దాక్షిణ్యానికి పోయి డబ్బు వద్దంటారేమోనన్న మా ఇబ్బందిని ఆయన ఆ కాగితంతో తీర్చేశారు. మేము 1,45,000 ఇచ్చి వచ్చాము.

ఈ ప్రాంతంలో పెళ్లి తలపెట్టేవారు మాఘ, ఫాల్గుణాల్లో పెట్టుకోండి. శ్రావణమే కావాలంటే ఏటిగట్టుకు లోపల, అంటే ఊరి వైపు ఉన్న చోటే తీసుకోండి. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే, ఒక రోజు అటూ ఇటూగా ఆ నీరు ధవళేశ్వరం వస్తుంది కనుక అప్పుడే మేలుకోండి. అడ్వాన్సు ఇచ్చే ముందు వరద వస్తే గదుల సంగతేమిటో, మైదానం సంగతేమిటో విడివిడిగా రాయించుకోండి. మోసపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము కూడా లేదు. మేము ఆ దారిలోనే హైదరాబాదులో వేశాము.

మిగిలిన 3,940 రూపాయల్లో, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు రెండు కొని పంపినందుకు 600 మినహాయించుకుని, అన్నయ్య 3,340 నా ఫోనుకు తిరిగి పంపారు. రిసార్టు వారి నుంచి ఇంతవరకు వచ్చినవి దసరాకు ఒకటి, సంక్రాంతికి ఒకటి, రెండు శుభాకాంక్షల సందేశాలు. రెండోదానిలో నది వైపు గదులకు ఇరవై శాతం తగ్గింపు ఇస్తామన్నారు.