యాభై దాటాక విమానం నేర్చుకోవాలంటే: సెస్నా మేలా, మైక్రోలైట్ మేలా?

రేణిగుంట విమానాశ్రయం గోడ బయట స్కూటర్ ఆపి, హైదరాబాద్ నుంచి వచ్చే ఏటీఆర్ విమానం దిగుతుంటే చూడడం నాకు పాత అలవాటు. తిరుపతిలో ఇరవై ఆరేళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. రెక్క మీదుగా గాలి ఎలా పోతుందో బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ రెక్క బరువు మోసేటప్పుడు ఎలా ఉంటుందో మాత్రం నా చేతికి తెలియదు. పోయిన ఏడు 52 నిండాక, ఇంక ఆగలేననిపించింది.

"బీపీ మాత్ర వేసుకునే మనిషి, మీకేంది ఇప్పుడు విమానం?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. అందుకే మొదట వయసు సంగతి చూశాను. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు కనీసం 17 ఏళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి. పై వయసుకు హద్దు లేదు. హద్దు పెట్టేది మెడికల్. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 పరీక్ష చేయించుకోవాలి. కళ్ళద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు. మందులతో అదుపులో ఉన్న బీపీ కూడా అంతే, కాకపోతే ఏ మందు వాడుతున్నామో చూస్తారు. ఈ పరీక్ష పూర్తికాకుండా ఎక్కడా అడ్వాన్స్ కట్టొద్దని నా వయసువాళ్ళందరికీ గట్టిగా చెబుతాను.

ఇక అసలు పోలిక. రెండింటిలోనూ ఎక్కి చూశాకే రాస్తున్నాను.

సెస్నా 152 రెండు సీట్ల చిన్న విమానం. లోపల ఎంత ఇరుకంటే, పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ భుజం నా భుజానికి ఆనుతూనే ఉంది. 50 నాట్ల దగ్గర ముక్కు ఎత్తమన్నారు. అంటే గంటకు 90 కిలోమీటర్ల పైమాట, పూతలపట్టు హైవేలో కారు పోయే వేగమే. ఫుల్ పవర్ ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి పెడల్ తొక్కి పట్టాలి. ఎందుకు లాగుతుందో క్లాసులో గంటసేపు చెప్పగలను. కాలు మాత్రం ఆలస్యంగానే కదిలింది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కాలు కాదు, కళ్ళద్దాలు. నావి బైఫోకల్స్. పై భాగంలోంచి రన్‌వే బాగా కనిపిస్తుంది, కింది భాగంలోంచి ఒళ్ళోని చెక్‌లిస్ట్ కనిపిస్తుంది. మీటర్లన్నీ ఉండేది చేయి చాపినంత దూరంలో. అక్కడ రెండు భాగాల్లోంచీ మసకే. ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముళ్ళు చదవడానికి తల పైకీ కిందికీ ఆడించాల్సి వచ్చింది. దిగగానే కళ్ళ డాక్టర్ దగ్గరకు వెళ్ళి, ఆ మధ్య దూరానికి కూడా సరిపోయే ప్రోగ్రెసివ్ లెన్స్ రాయించుకున్నాను. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఈ బాధ ఉండదు, కాబట్టి మనకు చెప్పేవాళ్ళూ ఉండరు.

మైక్రోలైట్ సంగతి వేరు. నేను ఎక్కింది ట్రైక్: పైన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల మీద ముందొకటి వెనకొకటి రెండు సీట్లు, వీపు వెనక ఇంజిన్. తలుపు లేదు, అద్దం లేదు. పెద్ద మీటర్ల బోర్డు లేదు కాబట్టి నా బైఫోకల్స్ గొడవా లేదు. చేతిలో ఉండేది ఒక అడ్డ కడ్డీ. దాన్ని ముందుకు తోస్తే ముక్కు లేస్తుంది, లాక్కుంటే వేగం పెరుగుతుంది. కుడికి తిరగాలంటే కడ్డీని ఎడమకు జరపాలి. ముప్ఫై ఏళ్ళు స్కూటర్ తోలిన చేయి దీనికి ఒప్పుకోలేదు, రెండుసార్లు అటు చేయబోయి ఇటు చేశాను. అయినా మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఆ ఇరవై నిమిషాల్లో చెరువు మీది చల్లగాలి ముఖానికి తగిలిన క్షణం సెస్నాలో దొరకలేదు. గాలి గురించి నాకు ఎక్కువ నేర్పింది కూడా అదే. తేలికైన బండి కదా, ఎండెక్కి నేల వేడెక్కగానే కింద నుంచి లేచే గాలి దాన్ని ఎగరేసి పడేస్తుంది. అందుకే పొద్దున్నే, లేదంటే సాయంత్రం.

ఖర్చు తక్కువ కావడంలో మైక్రోలైట్‌దే పైచేయి. సెస్నాకు గంట పది వేలలోపు నేను ఎక్కడా వినలేదు. ప్రైవేట్ లైసెన్స్‌కు రూల్ ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి, అందులో 20 ఒంటరిగా. ఆ ఇరవైలో 5 గంటలు దూరప్రయాణం, అందులో ఒకటి 150 నాటికల్ మైళ్ళకు (దాదాపు 278 కిలోమీటర్లకు) తగ్గకుండా, దారిలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగుతూ చేయాలి. 40 గంటల్లో పూర్తవుతుందని మన వయసులో లెక్కేసుకోకూడదు. సగం మళ్ళీ కలుపుకోండి. ఇవి కాక వాతావరణం, నావిగేషన్, రూల్స్ మీద రాతపరీక్ష, పాసవ్వాలంటే 70 శాతం. రేడియో లైసెన్స్ వేరే.

రేడియో అంటే నాకు చాలా టెన్షన్. మాట్లాడాల్సింది ఇంగ్లీషులో, నేనేమో తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి. అలిపిరి రోడ్డులో ముందు పోయే బండ్ల నంబర్లు పైకి చదువుతూ ప్రాక్టీస్ చేస్తున్నాను. పాత ఏపీ 03 కనబడితే "ఆల్ఫా పాపా జీరో ట్రీ", కొత్త ఏపీ 39 అయితే "ట్రీ నైనర్". రేడియోలో ఏని ఆల్ఫా అనీ, పీని పాపా అనీ, త్రీని ట్రీ అనీ, నైన్‌ని నైనర్ అనీ అనాలి, గరగర మధ్య కూడా తేడా తెలియడానికి. నెల రోజుల్లో నాలుక తిరిగింది.

ఇంట్లో సిమ్యులేటర్ సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. చెక్‌లిస్ట్ వరుస, మీటర్లు చదవడం దానిమీద బాగా వస్తాయి. ఆ గంటలు లైసెన్స్ లెక్కలోకి రావు, దిగేటప్పుడు సీటు కింద నుంచి తెలియాల్సింది తెలియదు. అమెరికా వెళ్ళి నేర్చుకోవచ్చు, అక్కడా కనీసం 40 గంటలే. వీసా, సెక్యూరిటీ అనుమతి, తిరిగొచ్చాక ఇక్కడి లైసెన్స్‌గా మార్పించుకోవడం, ఇవన్నీ నా జీతానికీ ఓపికకూ మించినవి.

మరి ఏది మేలు? ఎగరడమే ముఖ్యం, ఊళ్ళు తిరగక్కర్లేదు అనుకునేవాళ్ళకు మైక్రోలైట్ చాలు, అందులో చిన్నతనమేమీ లేదు. కాకపోతే ఆ లైసెన్స్‌తో సెస్నా నడపనివ్వరు. ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే ప్రైవేట్ లైసెన్సే. దానితో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. నాకు కావాల్సింది ఈ రెండోది.

అయితే బండి ఏదన్న ప్రశ్న కంటే పెద్దది ఒకటుంది: వారానికోసారా, వరసగానా? నేను మొదట వారానికోసారే అనుకున్నాను. శుక్రవారం రాత్రి తిరుపతిలో బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. అలా మూడు వారాలు అక్కడి ఒక ఫ్లయింగ్ స్కూల్‌కు వెళ్ళాను. ఒకసారి మబ్బు. ఇంకోసారి నా స్లాట్ కమర్షియల్ లైసెన్స్ విద్యార్థికి ఇచ్చేశారు, నాకు ఫోన్ కూడా చేయలేదు. వాళ్ళ చదువు 200 గంటలు, స్కూల్ నడిచేది వాళ్ళ ఫీజులతోనే, అర్థం చేసుకోగలను. కానీ 250 కిలోమీటర్లు నిద్ర లేకుండా వచ్చినవాడి బాధ చిన్నది కాదు. ఎగిరిన ఆ ఒక్కరోజూ సగం సమయం పోయినసారి నేర్చుకున్నది గుర్తు తెచ్చుకోవడానికే పోయింది. పైగా నిద్ర చాలని కళ్ళతో గాలిలోకి వెళ్ళడం తప్పు. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉన్నా తప్పే.

అందుకే వేసవి సెలవుల్లో స్కూల్ పక్కనే గది తీసుకుని, పొద్దున పూట వరసగా ఎగరాలని నిర్ణయించుకున్నాను. ఎండాకాలంలో ఒక చిక్కుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి ముందే పలుచన. వేడికి ఇంకా పలుచనవుతుంది, రన్‌వే మీద పరుగు పొడవవుతుంది. మే సాయంత్రాల్లో ఉరుములు ఉండనే ఉంటాయి. పదింటికల్లా దిగిపోతే మధ్యాహ్నమంతా చదువుకోవడానికి మిగులుతుంది. వానాకాలంలో రోజుల తరబడి నేల మీద కూర్చోవడం కంటే ఇదే నయం.

క్లాస్ 2 మెడికల్‌కు వచ్చే సోమవారం టైమ్ ఇచ్చారు. బీపీ మాత్రల చీటీ, కొత్త కళ్ళద్దాల చీటీ రెండూ ఫైల్‌లో పెట్టింది మా ఆవిడే.